తిన్నింటి వాసాలు

తప్పు పట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. పెళ్ళికి వెళితే పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పెళ్ళికొడుకు ముక్కు దాకా అన్నిటికీ వంకలు పెట్టి, ఆ వంకల్నే ఆటోలో ఇంటికొచ్చేదాకా నెమరేసుకోగలం. తప్పు దిద్దడం వేరే విద్య. దానికి ఓపిక కావాలి, పైగా ఎవరూ మెచ్చుకోరు. ఈ రెంటికీ నడుమ మూడోది ఒకటుందనీ, మనకి దానికే కరువనీ ఈమధ్య నాకు తోస్తోంది. అది తప్పు కనిపెట్టడం. పట్టడానికీ కనిపెట్టడానికీ తేడా ఏమిటంటారా? పట్టేవాళ్ళు మనిషిని వెతుక్కుంటూ బయల్దేరతారు. కనిపెట్టేవాళ్ళు జరిగినదాన్ని వెతుక్కుంటూ బయల్దేరతారు. వాళ్ళకి దారిలో మనిషి ఎదురైతే ఏం చెయ్యాలన్నదే చిక్కు. ఆ చిక్కు గురించే ఈ నాలుగు మాటలూ.

ఈ ఆలోచన నాకు ఉపనిషత్తులు తిరగేస్తే రాలేదు. కంప్యూటరు వల్ల వచ్చింది. నవ్వకండి. నేను బి.ఏ. చదివినదాన్ని. కంప్యూటరంటే నా మటుకు నాకు నవల టైపు చేసుకునే బల్ల. కానీ మా అన్నయ్య కూతురుందే, అది తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి ఇంజనీరింగు చదివింది. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి తెనాలిలోనే, మా మేడమీది గదిలో కూర్చుని పని చేస్తోంది. ఒక రాత్రి ఒంటిగంటకి లైటు వెలుగుతుంటే పైకెళ్ళి ఏం చేస్తున్నావే అని అడిగాను.

"షెల్ స్క్రిప్టులో తప్పు వెతుకుతున్నా అత్తా."

"షెల్లంటే?"

"వేరుసెనగ గుల్ల" అంది. బాపట్లలో చదివిన పిల్ల కదా, ఇసకనేలల పోలికే నోటికొచ్చింది.

అది చెప్పినదీ, నేను అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. కంప్యూటరులో అసలు పనంతా చేయించే భాగాన్ని కెర్నెల్ అంటారు, అంటే గింజ, లోపలి పలుకు. మనిషి ఆ పలుకుతో నేరుగా మాట్లాడలేడు. దాని చుట్టూ ఒక గుల్ల ఉంటుంది. మనం గుల్లకి చెబితే గుల్ల పలుక్కి చెబుతుంది. షెల్ అన్న ఈ పేరు పెట్టినాయన ఫ్రాన్సు దేశపు లూయీ పూజాన్, 1960లలో. 1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల నుంచి స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్లు బయటికొచ్చింది. 1989లో బ్రయాన్ ఫాక్స్ దాని అడుగుజాడల్లోనే బ్యాష్ అనేదాన్ని రాశాడు. ఈనాటికీ ఎన్నెన్నో పెద్ద కంప్యూటర్లలో నడుస్తున్నది అదే. రోజూ చెప్పాల్సిన పనుల్ని వరసగా రాసిపెట్టి, "ఇదిగో, ఇందులో ఉన్నట్టు చేసుకుపో" అని ఆ గుల్లకి అప్పజెబితే, ఆ కాగితమే స్క్రిప్టు. నాటకాల ఊళ్ళో పెరిగిన నాకు స్క్రిప్టంటే వేరే సంగతి తెలుసు. నటుడు ఒక మాట మరిచిపోతే పక్కవాడు అందుకుని ఆటని నిలబెడతాడు. ఇక్కడ అందుకునేవాడు లేడు.

మీకు పరమానందయ్య శిష్యుల తరహా కథల్లో గుర్రం కథ గుర్తుందా? గురువుగారు గుర్రం మీద పోతున్నారు. తలపాగా జారి కింద పడింది. శిష్యులు ఎత్తలేదు, ఎత్తమని ఆయన చెప్పలేదు కనక. "ఏది పడినా ఎత్తండ్రా" అన్నారు. ఆ మాట పట్టుకుని గుర్రం వేసిన లద్దె కూడా భద్రంగా ఎత్తారు. విసుగెత్తి ఆయన ఎత్తాల్సిన వస్తువులన్నీ జాబితాగా రాసిచ్చారు. ఇంకాస్త దూరం పోయాక గురువుగారే గుంటలో పడ్డారు. శిష్యులు జాబితా తీసి చదివారు. తలపాగా ఉంది, చెంబు ఉంది, పంచె ఉంది. గురువుగారు లేరు. ఆయన్ని గుంటలోనే ఉంచి పంచె మాత్రం విప్పుకుని దాచారట.

"అదే అత్తా స్క్రిప్టంటే" అంది మా పిల్ల. "మనం అనుకున్నది చెయ్యదు. రాసింది చేస్తుంది."

అది చెప్పిన ఒక ఉదాహరణ నా మనసులో నాటుకుపోయింది. స్క్రిప్టులో రెండు వరసలున్నాయనుకోండి. మొదటిది, కొట్టుగదిలోకి వెళ్ళు. రెండోది, నువ్వున్న చోట ఉన్నదంతా తీసి పారెయ్యి. బాగానే ఉంది. ఒకరోజు కొట్టుగదికి తాళం వేసుంది. మన పనిమనిషయితే "అమ్మా, తాళం వేసుందండీ" అని కేకేస్తుంది. గుల్ల కూడా ఒక కేక వేస్తుంది, వెయ్యదని కాదు. కానీ జవాబు కోసం ఆగదు. కేకేసి రెండో వరసకి పోతుంది. అప్పుడది నిలబడి ఉన్నదెక్కడో తెలుసా? దేవుడి గదిలో. ఇక మీరే ఊహించుకోండి.

కట్టుకథ కాదు సుమండీ. 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల కార్యక్రమం విషయంలో జరిగింది. తానున్న చోటు పేరు కనుక్కుని, ఆ పేరు కింద ఉన్నదంతా చెరిపెయ్యమని అందులో ఒక షెల్ స్క్రిప్టు ఉంది. ఒకాయన ఆ ఫోల్డరును వేరే చోటికి మార్చుకున్నాడు. చోటు పేరు దొరకలేదు, పేరు ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. ఖాళీ కింద ఉన్నదంతా అంటే యంత్రం లెక్కలో లోకమంతా. ఆయన సొంత ఫైళ్ళన్నీ, పక్కన తగిలించి ఉన్న బయటి డిస్కులో దాచుకున్నవాటితో సహా తుడుచుకుపోయాయి. నన్ను ఆపేసింది ఆ నష్టం కాదు. చెరిపెయ్యమన్న ఆ వరసకి సరిగ్గా పైన, రాసినవాళ్ళు తమ కోసం ఒక్క ముక్క రాసుకున్నారు, భయంకరం అన్న అర్థం వచ్చేటట్టు. అంటే వాళ్ళకి తెలుసు. గుండె ఝల్లుమంది, ఆ ఝల్లుమన్న సంగతి కూడా నిజాయితీగా నమోదు చేశారు, చేసి కింది వరస రాసుకుంటూ పోయారు. మనం జీవితంలో చేసే చాలా పనులకి పైన ఇలాంటి ముక్క ఒకటి రాసి ఉంటుందని నాకనిపిస్తుంది.

వెనక వరస విఫలమైనా ముందుకే పోవడం షెల్లుకి పుట్టుకతో వచ్చిన గుణం. ఇది విన్నప్పుడు నాకు మా రేపల్లె లైను గుర్తొచ్చింది. తెనాలి దగ్గర చీలి రేపల్లెలో ముగిసే రైలుదారి అది, 1916 నాటిది. పాతరోజుల రైలు సిగ్నళ్ళు ఎరుగుదురు కదా, స్తంభానికి అడ్డంగా చాచిన రెక్క. క్యాబినులో మీట లాగితే తీగ బిగిసి రెక్క కిందికి వాలేది. వాలితే బండి రావచ్చు. మరి తీగ తెగితే? రెక్కకి బరువు ఎలా కట్టారంటే, తీగ తెగిన మరుక్షణం రెక్క తనంతట తనే అడ్డంగా లేచి ఆగమని చెబుతుంది. బండి ఆలస్యమవుతుంది, జనం తిట్టుకుంటారు, అంతే. తీగ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందని ఒప్పుకున్నవాడి తెలివి అది. షెల్లుని అలా మలచలేదు. కావాలంటే "ఒక్క వరస తప్పినా ఆగిపో" అని మనమే పైన రాసుకోవాలట. అదీ అన్నివేళలా నమ్మదగింది కాదట. కనక "ఇది జరిగితేనే అది చెయ్యి" అని ముఖ్యమైన ప్రతి మెట్టు దగ్గరా ముడి వెయ్యాలి.

తప్పు కనిపెట్టే పద్ధతి కూడా నాకు ముచ్చటేసింది. తెనాలి నాటకాల ఊరే కాదు, ప్రెస్సుల ఊరు కూడా. ప్రూఫులు దిద్దేవాళ్ళని నేను ఎరుగుదును. రాసినవాళ్ళకి తమ తప్పులు కనపడవు, తాము రాయదలుచుకున్నదే కాగితం మీద కనిపిస్తుంది. అందుకే ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసేవారు. షెల్లులోనూ అలాంటి ఏర్పాటుంది. ఒక చిన్న గుర్తు పెట్టి నడిపితే, అది చెయ్యబోయే ప్రతి పనినీ ముందు కూడిక గుర్తు వేసి, తనకి అర్థమైనట్టు పైకి చదువుతుంది. మనం రాసినట్టు కాదు, తనకి అర్థమైనట్టు. "రేపల్లె బిల్లు" అనే ఒక్క ఫైలుని తెమ్మంటే, మధ్యలో ఖాళీ చూసి "రేపల్లె" ఒకటీ "బిల్లు" ఒకటీ రెండు ఫైళ్ళనుకుంటున్నదని అప్పుడు బయటపడుతుంది. చుట్టూ కొటేషను గుర్తులు పెడితే సరి. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఇలాంటి ఏర్పాటొకటి ఉంటే ఎన్ని కాపురాలు బాగుపడేవో! నేనన్నది కాదు, నీకు వినపడ్డది ఒకసారి పైకి చదువు.

సరే, అసలు సంగతికి వస్తాను.

కంపెనీ పేరు చెప్పను. చాలా దుకాణాలకి లెక్కలు చూసిపెట్టే సంస్థ అనుకోండి. అక్కడ ప్రతి రాత్రీ ఒక స్క్రిప్టు మూడు పనులు చేస్తుంది. ఆ రోజు లెక్కలకి నకలు తీసి భద్రపరచడం, తొంభై రోజులు దాటిన పాత నకళ్ళు చెరిపెయ్యడం, అంతా సవ్యంగా జరిగిందని కబురు పంపడం. ఒకనాడు అసలు లెక్కల్లో కొన్ని చెడిపోయాయి. నకళ్ళు తియ్యండన్నారు. గాదె తెరిస్తే ఒక్క గింజ లేదు! ఆ రెండో రోజునే లెక్కల విభాగంలో పనిచేసే ఒకావిడ మీద అనుమానం వచ్చింది. చెడిపోయిన లెక్కలు చూసేది ఆవిడే, తాళంచెవులన్నట్టు పాస్‌వర్డులు ఆవిడ దగ్గరున్నాయి. ఏ రుజువూ లేకుండానే ఇంట్లో కూర్చోమన్నారు. మనిషి దొరికింది కదా, ఇక వెతకడం మానేశారు.

మా పిల్లకి అప్పజెప్పింది ఆ స్క్రిప్టుని బాగుచెయ్యమని మాత్రమే, కారణం కనుక్కోమని కాదు. కానీ కారణం తెలీకుండా బాగుచెయ్యడం దానికి చేతకాదు. రెండు రాత్రులు కూర్చుని ప్రతి వరసా పైకి చదివించింది. నకలు తీసే వరస ఎన్నో నెలల కిందటే విఫలమవడం మొదలెట్టింది. దాచాల్సిన చోటికి దారి మారింది, స్క్రిప్టుకి ఎవరూ చెప్పలేదు. చెరిపే వరస మాత్రం తన ధర్మం తాను నిష్ఠగా నెరవేర్చింది. కొత్తవి రావడం లేదు, పాతవి పోతూనే ఉన్నాయి. తొంభై రోజులు తిరిగేసరికి గాదె ఖాళీ. ఆ తొంభై రోజులూ, ఆ పైనా, ప్రతి తెల్లవారుజామునా "అంతా సవ్యం" అన్న కబురు మాత్రం ఠంచనుగా వచ్చింది.

మరి నకలు తీసే వరస విఫలమైనప్పుడు కేక వెయ్యాలి కదా? వేసింది పాపం, రోజూ వేసింది. షెల్లులో మామూలు మాటలకి ఒకటో నంబరు కాలవ, ఫిర్యాదులకి రెండో నంబరు కాలవ అని వేరువేరుగా ఉంటాయట. కంప్యూటరులో డెవ్ నల్ అని ఒక అడుగులేని బావి కూడా ఉందట, అందులో ఏది పోసినా చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఎవరో ఆ వరస చివర రెండో కాలవని బావిలోకి మళ్ళించారు.

ఇది వింటుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది, కంప్యూటరు గురించి కాదు. షెల్లులో ఏ పనైనా ముగిసినప్పుడు ఒక అంకె చెప్పి ముగుస్తుంది. సున్నా అంటే క్షేమం. ఒకటి నుంచి రెండువందల యాభై అయిదు దాకా ఏ అంకెయినా ఏదో ఒక ఇబ్బంది. మన ఇళ్ళలో అత్తారింటికి పంపే పిల్లలకి ఎన్నో తరాలుగా నేర్పుతున్నది ఒక్క సున్నాయే కదా! ఇన్‌లాండు కవర్ల రోజుల్లో "నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను" అని రాసేవాళ్ళు. ఇప్పుడు వీడియో కాల్లో ముఖం చూపించి "బాగానే ఉన్నానమ్మా" అంటున్నారు. మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతి పదకొండేళ్ళు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆ సున్నా చెప్పింది. పన్నెండో ఏడు పుట్టింటికొచ్చి మంచం పట్టాక తెలిసింది, గాదె ఎప్పుడు ఖాళీ అయిందో. "ఒక్కసారయినా చెప్పలేదేమే" అని తల్లి లబోదిబోమంది. మొదటి సంవత్సరం చెప్పిందట. "అన్ని ఇళ్ళలోనూ ఉండేదే, సర్దుకుపో" అన్నారట. రెండో కాలవని బావిలోకి మళ్ళించింది ఆ పిల్ల కాదు మరి.

మళ్ళించినవాళ్ళని నిందించడం తేలికే. ఆ వరస ఎవరు రాశారో చూద్దామని మా పిల్ల వెతికింది. అందుకు గిట్ అనే సాధనంలో ఒక ఆజ్ఞ ఉంది, ప్రతి వరస పక్కనా అది రాసిన మనిషి పేరూ తేదీ చూపిస్తుంది. దాని పేరు ఏమిటనుకున్నారు? బ్లేమ్. అచ్చంగా నింద! అంతకుముందు వాడుకలో ఉన్న సబ్‌వెర్షన్ అనే సాధనంలో ఇదే పనికి ప్రెయిజ్ అని కూడా పేరుండేది, అంటే మెప్పు. నిందే నిలబడిందన్నమాట జనంలో.

నింద వేస్తే కనిపించిన పేరు దాని సీనియర్‌ది. రేపల్లె అబ్బాయి. (2022 ఏప్రిల్ నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది లెండి, మా నోటికి ఇంకా గుంటూరు జిల్లాయే.) బాపట్ల కాలేజీలో దీనికి రెండేళ్ళు పైవాడు. దీనికి షెల్లు నేర్పింది అతనే. ఈ ఉద్యోగానికి దీని పేరు చెప్పి, ఇంటర్వ్యూకి ముందు వారం రోజులు ఫోనులో పాఠాలు చెప్పిందీ అతనే. "అన్నయ్యా" అని పిలిచేది. ఇప్పుడతను అమెరికాలో ఉన్నాడు.

ఎందుకు రాశాడో కూడా ఆ తేదీ చుట్టూ తిరిగితే తెలిసింది. అంతకుముందు ఆ వరస రోజూ ఒక పనికిమాలిన హెచ్చరిక ఇచ్చేది, దాని వల్ల ఏ నష్టమూ లేదు. అర్ధరాత్రి రెండింటికి పద్నాలుగు మంది ఫోన్లు ఒక్కసారి మోగేవి. పైవాళ్ళు విసుక్కున్నారు, ఈ గోల రేపటికల్లా ఆగిపోవాలన్నారు. ఆపాడు. ఆరోజుకి అది మంచి పనే. అందరూ హాయిగా పడుకున్నారు.

మా అన్నయ్యకి సంగతి తెలిసి మండిపడ్డాడు. "ఉద్యోగం ఇప్పించినవాడి మీద రిపోర్టు రాస్తావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!" అన్నాడు.

"వాసాలు లెక్కపెట్టకపోతే చెద పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది నాన్నా?" అంది అది.

ఆ మాటకి నేను అప్పుడు నవ్వాను గానీ, మా అన్నయ్యది పిచ్చి మాటేమీ కాదు. కృతజ్ఞత లేని సత్యం నాకు రుచించదు. మరోపక్క ఇంట్లో కూర్చోబెట్టిన ఆవిడ ఉంది. ఆవిడకి ఇద్దరు పిల్లలట. రిపోర్టు రాయక తప్పదు, అందులో సందేహం లేదు. పేరు రాయాలా అన్నదే ప్రశ్న. రాయకపోతే, ఇది కూడా రెండో కాలవని బావిలోకి మళ్ళించడమే అవుతుందా?

ఈ ప్రశ్న మా మేడమీద మొదటిసారి పుట్టింది కాదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో అలసిపోయిన ఒక ఇంజనీరు, ఒక కంప్యూటరు అనుకుని ఇంకో కంప్యూటరులో చెరిపే ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపేసరికి మూడువందల గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. సరే, నకళ్ళున్నాయి కదా అని చూస్తే, రోజూ నకలు తీస్తున్నదనుకున్న కార్యక్రమం ఎప్పటినుంచో విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెబుతూ అది పంపిన ఉత్తరాల్ని అవతలి పెట్టె చేర్చుకోకుండా తిప్పికొట్టింది. గాదె ఖాళీ. అదృష్టవశాత్తూ ఆరు గంటల కిందట ఆ ఇంజనీరే వేరే పని మీద తీసుకున్న నకలు ఒకటి దొరికి, ఆ ఆరు గంటల పని మాత్రమే పోయింది. అప్పుడు ఆ కంపెనీ ఒక పని చేసింది. జరిగినదంతా ఏదీ దాచకుండా లోకానికి రాసిపెట్టింది. ఆ రాతలో ఆజ్ఞ ఇచ్చిన మనిషిని "బృందసభ్యుడు ఒకటి" అనే అర్థంలో చెప్పారు, పేరు చెప్పలేదు. తప్పుని వెయ్యి దీపాల వెలుగులో పెట్టారు, మనిషిని నీడలో ఉంచారు. అంతకు అయిదేళ్ళ ముందే, 2012లో, ఎట్సీ కంపెనీలో పనిచేసే జాన్ ఆల్‌స్పా అనే ఇంజనీరు ఇలా నింద లేని విచారణే సరైనదని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. శిక్ష భయం ఉన్నచోట మనుషులు జరిగింది జరిగినట్టు చెప్పరనీ, చెప్పకపోతే అదే మళ్ళీ జరుగుతుందనీ ఆయన వాదన.

నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. పేరు దొరగ్గానే వెతకడం ఆగిపోతుంది. ఆవిడ పేరు దొరికింది, ఆగిపోయారు, స్క్రిప్టు ఇంకా అలాగే తిరుగుతోంది. ఆమె స్థానంలో రేపల్లె అబ్బాయి పేరు పెడితే మళ్ళీ అక్కడే ఆగుతారు. అర్ధరాత్రి ఫోను మోగిందని చిరాకుపడ్డ పద్నాలుగు మందీ, దారి మార్చి చెప్పని మనిషీ, "అంతా సవ్యం" అన్న కబురుని ఒక్కరోజు కూడా అనుమానించని పెద్దలూ, వీళ్ళెవరి పేరూ ఏ సాధనమూ చూపించదు. వరస రాసినవాడొక్కడే ఆ నిందకి చిక్కుతాడు. కావాలని చేసిన ద్రోహమైతే పేరు చెప్పాలి, పేరే అక్కడ కారణం. ఇలాంటి చోట పేరు కారణం కాదు, కారణాన్ని కప్పే దుప్పటి.

మా పిల్ల రిపోర్టులో వరస రాసింది, తేదీ రాసింది, ఎందుకు రాశారో రాసింది, పేరు రాయలేదు. పంపేముందు అతనికి ఫోను చేసి మొత్తం చదివి వినిపించింది. అతను చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "ఆ తేదీ అవసరమా?" అన్నాడట. తేదీ తీసేస్తే ఆవిడ ఆ కంపెనీలో చేరకముందే ఈ పని మొదలైందని రుజువు కాదు. "అవసరం అన్నయ్యా" అంది. ఫోను పెట్టేశాడు.

నేను దాన్ని ఒకటే అడిగాను. "రాసింది అతను కాక ముక్కూముఖం తెలియనివాడైతే, ముందుగా ఫోను చేసేదానివా?" కాసేపు ఆలోచించి "చేసేదాన్ని కాదేమో అత్తా" అంది. అది నిజాయితీ. కానీ చెయ్యాల్సిందని నా అభిప్రాయం. 2014లో స్టెఫాన్ షాజెలా అనే ఆయన బ్యాష్‌లో ఒక పెద్ద లోపం కనిపెట్టాడు. 1989 నుంచీ పాతికేళ్ళు ఎవరి కంటా పడకుండా ఉన్న లోపం అది. దాని గుండా దూర దేశం నుంచి ఎవడైనా మీ కంప్యూటరులో చొరబడవచ్చు. షాజెలా బజారుకెక్కలేదు. సెప్టెంబరు 12న బ్యాష్‌ని చూసుకుంటున్న చెట్ రామీకి చాటుగా తెలియజేశాడు. రామీ ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసుకుంటూ, బ్యాష్ పనిని ఏళ్ళ తరబడి జీతం లేకుండా చేస్తున్న మనిషి. దిద్దుబాటు సిద్ధమయ్యాక సెప్టెంబరు 24న లోకానికి చెప్పారు. ఆ దిద్దుబాటూ అసంపూర్ణమని తేలి, ఆ తర్వాతి రోజుల్లో మళ్ళీ మళ్ళీ దిద్దారు, అది వేరే కథ. ముందు ఇంటాయనకి చెప్పి తర్వాత ఊరికి చెప్పడమనే మర్యాద మేలు చేసినవాళ్ళకి తీర్చే బాకీ కానక్కర్లేదు. ఏ వాసానికి చెద పట్టినా, ఆ ఇంటివాళ్ళకి దక్కాల్సిందే అది.

ఆవిడని మళ్ళీ పనిలోకి పిలిచారు. పొరపాటు పడ్డామని ఒక్క ముక్క అన్నవాళ్ళు లేరట. ఆవిడకీ మా పిల్లకీ ముఖపరిచయం లేదు, తన కోసం ఎవరు వాసాలు లెక్కపెట్టారో ఆవిడకి తెలీదు. రేపల్లె అబ్బాయి మాత్రం మాట్లాడటం మానేశాడు. రాఖీకి ఇది పెట్టిన మెసేజీకి రెండు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు లేదు. అది బాధపడుతోంది, నాకు తెలుసు. అడిగితే బాగానే ఉన్నానంటుంది.

స్క్రిప్టు దిద్దడానికి పట్టింది పావుగంటట. నకలు తీసి, అది ఖాళీ కాదని చూసుకున్నాకే పాతవి చెరిపేటట్టు ముడి వేసింది. నిజంగా జరిగితేనే "సవ్యం" అనేటట్టు చేసింది. పనికిమాలిన హెచ్చరికకి మూలం వెతికి దాన్ని మాన్పింది. బావిలోకి పోయే కాలవని తిప్పి తన ఫోనులోకి పెట్టుకుంది. మళ్ళీ ఎవరైనా ఈ వరస నోరు మూయాలనుకుంటే పాతసారి ఏం జరిగిందో చదువుకోండని, యంత్రం చదవని భాషలో పైన నాలుగు వాక్యాలు రాసింది.

పోయిన వారం రాత్రి రెండింటికి ఆ ఫోను ఇల్లు లేచిపోయేటట్టు అరిచింది. అన్నయ్య లేచి లైటు వేసి, "ఈ గోల ఆపే మార్గమే లేదా?" అన్నాడు.

"ఉంది నాన్నా, ఒక్క ముక్క రాస్తే చాలు" అంటూ అది మేడమెట్లు ఎక్కింది.